గగన్ మహల్‌కు పదిన్నర లోపల

పోయిన వారం మనం సింధూరను అంగడి గడప మీద వదిలేశాం. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పాపం, వారం రోజులుగా అట్లాగే నిలబడి ఉంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సింధూర, పృథ్వీ పక్కపక్క సీట్లలో పనిచేస్తారు. సింధూరది హిందూపురం. తండ్రి పోయి పదకొండేళ్ళు. తల్లి రాజేశ్వరి స్టీలు సామాన్ల అంగడి నడుపుతుంది. పృథ్వీది ధర్మవరం. తల్లి పోయి ఐదేళ్ళు. తండ్రి ప్రసాద్ పట్టుచీరల వ్యాపారం చేస్తాడు. ఈ పిల్లలిద్దరూ కలిసి, ఆమె తల్లినీ అతని తండ్రినీ ఒకరికొకరిని చూపించాలని, చూపిస్తున్నట్టు వాళ్ళిద్దరికీ తెలియకూడదని ఒక పథకం వేశారు. ఆదివారం పెనుకొండ గగన్ మహల్ చూడ్డానికి రెండు కుటుంబాలూ విడివిడిగా బయలుదేరాలి. అక్కడ అనుకోకుండా కలవాలి. అంతవరకూ బాగానే ఉంది. ప్రయాణానికి ముందురోజు, అంటే రెండో శనివారం మధ్యాహ్నం, సింధూర మిద్దె దిగి అంగట్లోకి వచ్చేసరికి తల్లి ముందు కొత్త ఇత్తడి బిందె ఉంది. దాని మెడ మీద ‘సింధూర’ అని పేరు కొట్టి ఉంది. పక్కన ఇంకొక పేరుకు సరిపడా చోటు వదిలి ఉంది.

“ఆ రెండో పేరు కూడా నీ నోటితోనే చెప్పు, కొట్టేస్తా” అంది రాజేశ్వరి.

సింధూర రెండో కాలు కూడా లోపలికి పెట్టింది.

“ఏం పేరమ్మా?”

“ఏం పేరా? ఆరు నెల్ల నుంచి నా చేతి చెనిక్కాయల పొడి తింటాండే పిల్లోని పేరు. పృథ్వీ. అంతేనా, ముందర ఇంటిపేరు కూడా కొట్టాల్నా?”

రాజేశ్వరి కళ్ళజోడు పైనుంచి కూతురిని చూస్తోంది. యాభై రెండేళ్ళ మనిషి ముఖంలో పండుగ కనిపిస్తోంది. ఆమెను అంత సంతోషంగా చూసి సింధూరకు ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. అందుకే, కాదు అనే చిన్న మాట అనలేకపోయింది.

ఈ ఊళ్ళ వర్తకుల ఇళ్ళలో పెళ్ళిచూపులకు ఒక పద్ధతి ఉంది. మొదటిసారే ఇంటికి పిలవరు. పిలిస్తే వీధి వీధంతా చూస్తుంది. ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, మళ్ళీ ఎందుకు రాలేదు అని ఆరు నెలలు మాట్లాడుకుంటుంది. అందుకని రెండు ఊళ్ళకూ మధ్యలో ఏ గుడినో కోటనో ఎంచుకుని, ఊరికే చూడ్డానికి పోయినట్టు పోతారు. అక్కడ “అరె, మీరూ వచ్చినారా!” అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యాన్ని ఇంట్లో ఒకటికి రెండుసార్లు అభ్యాసం చేసే వస్తారు. నచ్చితే ఇంటికి రాకపోకలు మొదలవుతాయి. నచ్చకపోతే కోట చూసొచ్చారు, అంతే. ఎవరి పరువుకూ ఏమీ కాదు.

సింధూర కూడా అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లే. తల్లికి తెలియకుండా తల్లికి సంబంధం చూడాల్సి వచ్చినప్పుడు ఆమెకు ఇంతకన్నా మంచి దారి తోచలేదు. ఆ దారిలో తల్లి తనకన్నా ముందు నడిచిన మనిషని మాత్రం మర్చిపోయింది.

“నీకెవరు చెప్పినారు?” అంది సింధూర చివరికి.

“ఒకరు చెప్పాల్నా? క్యాలెండర్లో రేపటి తేదీకి పెన్సిలుతో సున్నా చుట్టింది ఎవరు? తిథి అంటే ఏందని పుట్టినప్పట్నుంచి అడగనిదానివి, ఆ పక్కనే ‘వర్జ్యం 10-40’ అని రాస్తివి. కోట చూసేదానికి వర్జ్యం ఏంటికే? వర్జ్యంలో మహలు తలుపులు మూస్తారా?”

సింధూర నాలుక కరుచుకుంది. వర్జ్యం మీద తనకు నమ్మకం లేదు. కానీ జీవితంలో ఒక్కసారి జరిగే పని, అందులోనూ అమ్మ కోసం, చెడ్డ గడియలో ఎందుకు జరగాలని రాసుకుంది. నమ్మకం లేనివాళ్ళు కూడా అమ్మల విషయంలో ఇట్లాగే ఉంటారు.

“ఎండలో మెట్లెక్కేదానికి పట్టుచీర కట్టుకోమంటివి” రాజేశ్వరి వేళ్ళు మడుస్తోంది. “ఓళిగలు చెయ్యి, చిత్రాన్నం చెయ్యి అంటివి. తీపీ కారమూ రెండూ ఉండాల. పైగా పెనుకొండ. మనకూ ధర్మవరానికీ సరిగ్గా నడిమధ్యన. ముప్పై ఏండ్లుగా నేను చూడని మహలు ఈ పొద్దు నీకు యాడ గుర్తొచ్చె? నేను పిచ్చిదాన్నా?”

“అమ్మా, అది కాదు...”

“సిగ్గుపడాకులే. నీ సంబంధం నువ్వే చూసుకుంటే నేనేమన్నా అంటానా? రెండు సంబంధాలు వద్దంటివి, ఈ పిల్ల మనసులో ఏముండాదో అని నేను ఎంత కుమిలిపోయినానో నీకేం తెలుసు! మంచి పిల్లోడంట గదా. నేను ఊరికే కూర్చోలేదు. నిన్ననే మీ మామకు ఫోన్ చేసినా.”

సింధూర పక్కనే బోర్లించి ఉన్న పెద్ద గంగాళం మీద కూలబడింది. మడకశిరలో ఉండే నరసింహయ్య మామకు చెప్పడమంటే ఊరికి మైకు పెట్టించడమే. ఆయన మంచివాడు. చెల్లెలి కష్టంలో పక్కన నిలబడ్డవాడు. కానీ ఏ పనికైనా తాను పెద్దరికం వహించకపోతే ఆ పని జరిగినట్టే లెక్క కాదు ఆయనకు.

“మామ ఏం చేసినాడు?”

“ధర్మవరంలో తెలిసిన చీరలోళ్ళను పట్టుకుని, ఆయన నంబరు కనుక్కుని, పొద్దున మాట్లాడినాడు.”

“ఎవరితో?”

“ఇంగెవరితో? నీకు కాబోయే మామగారితో!” రాజేశ్వరి నవ్వు దాచుకోలేదు. “ఆయనకూ ఇట్లాంటిదేదో ఉండాదని అనుమానమేనంట. కొడుకు ఉన్నట్టుండి మహలు చూద్దాం రా నాయనా అంటే, ఆ మాత్రం తెలీదా? శానా సంతోషపడినాడంట.”

అంటే ఇటు తల్లి, అటు తండ్రి, ఇద్దరూ తమ పిల్లల పెళ్ళిచూపులకే బయలుదేరుతున్నారన్నమాట. సింధూరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పృథ్వీ ఆమెకు తమ్ముడి కింద లెక్క. ఆఫీసులో అతని తప్పులు దిద్దేది, అతనికి జ్వరమొస్తే తిట్టి మాత్ర మింగించేది ఆమే.

“మీ మామ ఏర్పాటు విను, నవ్వి చస్తావు” అని రాజేశ్వరి ఫోను తీసి, నరసింహయ్య పంపిన వాయిస్ మెసేజీ పెట్టింది. అంగట్లో స్టీలు సామాన్లన్నీ ఆయన గొంతుకు గణగణలాడాయి.

“ఏమ్మా రాజీ, వినుకో. ఏడుకంతా ఈడ బయల్దేర్తాం. ఎనిమిదింపావుకు మీ అంగడి ముందర హారన్ కొడ్తా, దిగి వచ్చేయండి. కాఫీలు గీఫీలు వద్దు. తొమ్మిదిన్నరకు మహలు కాడుంటాం. వాళ్ళు పదికి వస్తారు. మనం ముందే లోపలికి పోయి గోడలు చూస్తాండే మాదిరి నిలబడాల. వాళ్ళు వస్తానే ఎవరూ గుర్తుపట్టద్దు. నేను కూడా గుర్తుపట్టను. ఐదు నిమిషాలు పోయినంక నేను గుర్తుపడ్తా. ఏమన్నా గానీ పదిన్నర లోపల మాటలు మొదలు కావాల. మీ వదిన ముందర నడుస్తాది, పాప దాని పక్కన. నువ్వు...” ఇక్కడ ఆయన గొంతు కొంచెం తగ్గింది. “నువ్వు చెప్పినట్టే, కారు కాడే ఉండు. మాటలు అయినంక పిలుస్తా.”

రాజేశ్వరి ఫోను బల్ల మీద పెట్టి బిందెను గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

“నువ్వు కారు కాడ ఏంటికి?” అంది సింధూర.

“ఊరికేలే.”

“నువ్వే చెప్పినావంట గదా. ఏంటికి?”

“మొదటిసారి చూసేటప్పుడు నేను ఎదురొస్తే బాగుండదు. మీ అత్త పసుపూ కుంకుమా ఉండేది. అది ముందర ఉంటే మంచిది. నేను యాడికి పోతా, పదడుగుల దూరంలోనే ఉంటా గదా.”

ఎంత మామూలుగా అందంటే, గొడుగు మర్చిపోవద్దని చెప్పినట్టుంది. సింధూర ఆరు నెలలు కూర్చుని, తేదీ చూసి, వర్జ్యం చూసి, చీర కూడా తానే ఎంచి చేసిన ఏర్పాటులో, ఎవరి కోసం అదంతా చేసిందో ఆ మనిషి కారు దగ్గర నిలబడుతుందట.

“నువ్వు కారు కాడుంటే ఈ ప్రయాణమే దండగమ్మా!” అనేసింది. “రేపు ఆయన చూడాల్సింది నన్ను కాదు. నిన్ను.”

రాజేశ్వరి చేతిలో గుడ్డ ఆగింది.

“ఎవరు?”

“పృథ్వీ వాళ్ళ నాయన. ప్రసాద్ గారు. ఆయనకూ తెలీదు. నేనూ పృథ్వీ అనుకున్నాం. మీ ఇద్దరూ ఒకసారి చూసుకుని, మాట్లాడుకుంటే...”

రాజేశ్వరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా ముఖంలో ఉన్న సంతోషం పోయి, ఆ చోట ఏమి రావాలో తెలియక ముఖం ఖాళీగా ఉండిపోయింది. పిల్ల పెళ్ళి అనుకున్న రెండు రోజుల సంబరం ఒక్క మాటతో పోయిందని సింధూరకు అప్పుడు తట్టింది. అది తల్లి దగ్గర నుంచి తానే లాక్కున్నట్టయింది.

“అంటే రేపు పెనుకొండలో చూసేవి రెండన్నమాట” అంది రాజేశ్వరి. “ఒకటి మహలు, ఒకటి నేను. రెండూ పాతవే.”

“అట్లనాకమ్మా.”

“మరెట్లనాల? ఎవర్ని అడిగి చేసినావు ఈ పని?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను. అందుకే అడగాల. ఒప్పుకోనని చెప్పేదానికన్నా నాకు చోటు ఇయ్యాల గదా! చిన్నపిల్లను తిరనాళ్ళకు తీసుకుపోయినట్టు చీర కట్టించి తీసుకుపోయి నిలబెడితే, నా మొహం యాడ పెట్టుకోవాల? ఆడ ఆయన ‘ఈమె ఎవరు’ అంటే నువ్వేం చెప్పాలనుకుంటివి?”

పథకంలో అంతదూరం వాళ్ళు ఆలోచించనే లేదు.

“నిజం చెప్పు” రాజేశ్వరి గొంతు తగ్గించింది. కోపం కన్నా అది కష్టంగా ఉంది వినడానికి. “ఆ రెండు సంబంధాలూ నా కోసమే వద్దంటివా? నన్ను ఎవరికన్నా అప్పజెప్పి, అప్పుడు నీ దారి చూసుకుందామనుకుంటివా? నేను నీకు బరువైతినా?”

అట్లాంటిదేమీ లేదు అని వెంటనే అనేస్తే అబద్ధం అవుతుంది. సింధూర అబద్ధం ఆడలేదు.

“బరువు కాదు. భయం” అంది. “పొద్దున నేను బస్సెక్కితే మళ్ళీ వచ్చేదాకా నువ్వు మాట్లాడేది గిరాకీలతోనే. వాళ్ళు నీతో మాట్లాడరమ్మా, బిందెల గురించి మాట్లాడతారు. ఆదివారం అంగడి మూస్తే పొద్దున్నుంచి నీ గొంతే వినపడదు. నేను పెండ్లి చేసుకుని పోతే రోజూ ఆదివారమే గదా నీకు. అది నేను ఓర్చుకోలేను. నా కోసమే అనుకో, పోనీ.”

రాజేశ్వరి ఏదో అనబోయింది. అంతలో గడప దగ్గర ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. గిరాకీ వచ్చిందంటే ఆ అంగట్లో ఏడుపైనా కొట్లాటైనా ఆగాల్సిందే.

అరవై దాటిన మనిషి. గొర్రెలు మేపే ఇంటి మనిషని భుజాన ఉన్న గొంగడే చెప్పింది. దాసమ్మ. పోయిన వారం వచ్చి స్టీలు బిందె ఎంచిపెట్టి పోయింది. పేరు కొట్టించుకోవడానికి ఇప్పుడు మళ్ళీ వచ్చింది.

“మనవరాలి పెండ్లి బుధవారమమ్మా. పేరు కొట్టిస్తావా?”

“కూచోమ్మా. ఏమని కొట్టాల?” రాజేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని పేర్లు కొట్టే మిషను దగ్గరికి లాక్కుంది. గొంతు మామూలుగానే ఉంది. పదకొండేళ్ళ అంగడి ఆమెకు నేర్పిన విద్య అది.

“దాసమ్మ అని. పెద్దగా కొట్టు.”

“పెద్దగా కొడితే బాగుండదమ్మా. అందరూ అడుగున చిన్నగా కొట్టించుకుంటారు.”

“అడుగున వద్దు తల్లీ. ముందర, కడుపు మీద కొట్టు. దూరం నుంచి కనపడాల.” దాసమ్మ నేల మీద చతికిలబడి చల్లగా చెప్పింది. “పందిట్లో నేను ముందర నిలబడేది లేదు గదా, మొగుడు పోయినదాన్ని. ఇచ్చిన సామాన్లన్నీ ఆడ వరసగా పెడతారు. ఈ బిందె నిలబడ్తాది. చదువొచ్చినోళ్ళు చదువుకుంటారు, దాసమ్మ కూడా వచ్చిందని.”

ఏడుస్తూ అనలేదు. ఒక చిక్కును తెలివిగా విప్పుకున్న మనిషిలా అంది. సింధూర తల తిప్పుకుంది.

మిషను బుర్రుమంది. మామూలుగా రాజేశ్వరి ఒక పేరు రెండు నిమిషాల్లో కొట్టేస్తుంది. ఈ మూడు అక్షరాలకు పావుగంట తీసుకుంది. ఒక్కొక్క అక్షరాన్ని అరచేయంత కొట్టి, చివర మ కింద ఒత్తు దగ్గర ఆగి, ఊది, మళ్ళీ గట్టిగా దిద్దింది. అయ్యాక గుడ్డతో తుడిచి, బిందెను వెలుగులోకి తిప్పి చూపించింది.

“నాకు చదువు రాదు గానీ, బాగుండాది” అని దాసమ్మ బిందెను గొంగట్లో చుట్టుకుని, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా తల్లీ కూతుళ్ళు ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. రాజేశ్వరి ఎన్ని వందల పెళ్ళి బిందెల మీద ఎన్ని పేర్లు కొట్టి ఉంటుందో! ఏ పెళ్ళికీ పోయి ముందు వరసలో కూర్చోలేదు. అదేమీ పెద్ద కష్టమని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకపోవడం అలవాటైపోయింది. ఇవాళ దాసమ్మ నోట విన్నప్పుడు మాత్రం ఆ మాట తనదే అనిపించింది.

అప్పుడు ఆమె అడిగిన మాట సింధూర ఊహించనిది.

“ఆ చెనిక్కాయల పొడి ఎవరు తిన్నారు?”

“ఆ?”

“పృథ్వీకని నెలకు రెండు డబ్బాలు తీసుకుపోతివి గదా. ఎవరు తిన్నారు?”

“పృథ్వీకి కారం పడదమ్మా. వాళ్ళ నాయన తిన్నాడు. మొదటిసారి ఊరికే రుచికని పంపిస్తిమి. డబ్బా కడిగి తిరిగి పంపిస్తా, ఇంకొకటి దొరుకుతాదా అని అడిగినాడంట. ఎల్లిపాయ రవ్వంత తగ్గిస్తే బాగుంటాదని చెప్పింది కూడా ఆయనే.”

“నువ్వు చెప్పినట్టు చెప్తివే!”

“ఆయనే చెప్పినాడు.”

“తగ్గించినాక బాగుందన్నాడా?”

అడిగేశాక రాజేశ్వరి ముఖం ఎర్రబడింది. వెంటనే లేచి, సరిగ్గానే ఉన్న గిన్నెల దొంతరను మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. సింధూర నవ్వలేదు. నవ్వితే ఆ దొంతరంతా తన నెత్తి మీదికి వస్తుందని ఆమెకు తెలుసు.

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. తెర మీద ‘ధర్మవరం సంబంధం’ అని పేరు కనిపించింది. పొద్దున అన్న పంపిన నంబరును రాజేశ్వరి అంత ఆశగా దాచుకుంది మరి.

“తీయాకమ్మా” అంది సింధూర. “పృథ్వీతో నేను మాట్లాడి, ఏదో ఒకటి చెప్పి ఆపిస్తా.”

“ఇంగా ఏదో ఒకటి చెప్పేది ఉండాదా నీకు?” అని రాజేశ్వరి ఫోను తీసి, అంగట్లో అలవాటు ప్రకారం స్పీకరు పెట్టింది.

“నమస్కారమండీ. సింధూర వాళ్ళమ్మేనా?” నెమ్మదైన గొంతు. వెనక ఎక్కడో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

“ఊ, చెప్పండి.”

“నేను పృథ్వీ వాళ్ళ నాయన, ప్రసాద్. మీ అన్నగారు పొద్దున మాట్లాడినారు. శానా సంతోషం. ఒక మాట ముందే మీ చెవిన వేద్దామని చేసినా. రేపు మా తరఫున ఆడోళ్ళు ఎవరూ రారండీ. మా ఇంట్లో ఆమె పోయి ఐదేండ్లయింది. మంచి పనికి పోతాండాం, ఒంటిగాణ్ణి నేను ముందర ఎదురొస్తే మీ వాళ్ళకు పట్టింపు ఉంటాదేమో. ఉంటే చెప్పండి, నేనేమీ అనుకోను. పృథ్వీని లోపలికి పంపించి నేను కారులోనే కూచుంటా.”

మగవాళ్ళకు ఆ పట్టింపు ఎవరూ పెట్టరు. భార్య పోయిన మగవాడు పందిట్లో ఎక్కడైనా నిలబడవచ్చు, ఎవరూ అడగరు. ఈయన తనంతట తానే పెట్టుకున్నాడు. రాజేశ్వరి ఫోను వైపు, అందులో మనిషి కనిపిస్తాడేమో అన్నట్టు చూసింది. ఇట్లా ఆలోచించే మగవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

“మీరేమంటారు చెల్లెమ్మా?” అన్నాడు ప్రసాద్.

అనాల్సిన మాటే అన్నాడు. పిల్లవాడి తండ్రి పిల్ల తల్లిని చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నా అంటుంది. దాంతో సగం సంబంధం కుదిరినట్టే. రాజేశ్వరి నాలుక చివరికి కూడా ‘అన్నా’ అనే మాట వచ్చింది. గంట కిందటైతే హాయిగా అనేసేది. ఇప్పుడు అంటే ఈ పిల్లలు కట్టిన అబద్ధంలో తనూ ఒక ఇటుక పెట్టినట్టవుతుంది. అనకపోతే దేనికి ఒప్పుకున్నట్టవుతుందో ఆమెకు తెలియలేదు. ఎదురుగా సింధూర రెండు చేతులూ జోడించి ఉంది. ఎందుకు జోడించిందో సింధూరకే తెలియదు.

“కారులో ఏంటికండీ” అంది రాజేశ్వరి చివరికి. “ఎవరూ కారులో కూచునే పని లేదు.”

“అమ్మయ్య. మంచి మాట చెప్పినారు చెల్లె...”

“ఒక్క నిమిషం. ఏమనుకోవాకండి. నన్ను చెల్లెమ్మా అని పిలవాకండి.”

ప్రసాద్ తడబడ్డాడు.

“తప్పుగా ఏమన్నా అంటినా అమ్మా?”

“తప్పు మీది కాదు. మీ పిల్లోన్ని అడగండి, ఎందుకో చెప్తాడు. నాకూ ఇప్పుడే తెలిసింది. అడిగినాక రేపు రావాలనిపిస్తే రండి. లేదంటే మానుకోండి. ఏదైనా నేను తప్పు పట్టను.” ఫోను పెట్టేసింది. పెట్టేశాక కూడా దాన్ని వదలకుండా పట్టుకునే ఉంది.

“అమ్మా” అంది సింధూర. “అంటే నువ్వు ఒప్పుకున్నట్టా?”

“ఎవరు ఒప్పుకున్నారు? తెలిసి తెలిసి ఒక మనిషిని అన్నా అని మోసం చేయలేకపోతి, అంతే. ఆయన కూడా నా మాదిరే కాదనేదానికి చోటు లేకుండా రాకూడదు. ఇంగ నోరు మూసుకుని కూచో.”

సింధూర నోరు మూసుకుంది. కానీ ఆమె ఫోను ఊరుకోలేదు. ఐదు నిమిషాలకు పృథ్వీ దగ్గర నుంచి మెసేజీ వచ్చింది. ‘నాయన అడిగినాడు. చెప్పేసినా.’ వెనకే ఇంకొకటి. ‘ఒక్క మాట అనలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయినాడు. నాకు భయంగా ఉంది అక్కా.’

తల్లికి చూపించింది. రాజేశ్వరి చదివి, ఊ అంది. ఆ తర్వాత ముగ్గురు గిరాకీలు వచ్చారు. ఆమె ఒకరికి ఇడ్లీ పాత్ర చూపించింది, ఒకరికి మూత సరిపోని డబ్బా మార్చి ఇచ్చింది, ఇంకొకరు అడిగింది లేదని చెప్పింది. అది ఆమె వెనకే అరలో ఉందని సింధూర చూస్తూనే ఉంది. వీధిలో ఎండ తగ్గింది. పరువు పోయిందనే బాధ, ఆయన రాడేమో అనే బాధ రెండూ వేరువేరని, మొదటిది తగ్గుతున్నకొద్దీ రెండోది పెరుగుతోందని రాజేశ్వరికి అర్థమైంది. అర్థమైనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఫోను మళ్ళీ మోగింది. అదే పేరు.

రాజేశ్వరి స్పీకరు మీదికి పోయిన వేలిని వెనక్కి తీసుకుని, కూర్చున్న చోటి నుంచి లేచి, ఫోను చెవికి ఆనించుకుంది.

“చెప్పండి.”

మగ్గాల చప్పుడు లేదు. ఎక్కడో ఆరుబయట నిలబడి మాట్లాడుతున్నట్టు గాలి వినిపించింది. ఆ గొంతు కొంచెం ఆయాసపడుతోంది. ఈసారి చెల్లెమ్మా అనలేదు. సింధూర వాళ్ళమ్మా అని కూడా అనలేదు.

“రాజేశ్వరి గారూ” అన్నాడు ప్రసాద్. “రేపటి సంగతి తర్వాత. దానికన్నా ముందు మిమ్మల్ని ఒక మాట అడగాల. అడగమంటారా?”